తొక్కుడు మర్నాటి నిశ్శబ్దం

నమోదు 211. ఎండ. సముద్రం మామూలు.

ఏడో పలకను విరగ్గొడుతున్నది మీరే.

పక్కకు చూడకండి. మిమ్మల్నే అంటున్నాను. రేవు గోడ దగ్గర, చేతిలో టీ గ్లాసుతో, పడవ వచ్చేలోగా ఊసుపోక ఈ కాగితం చదువుతున్న మిమ్మల్నే. మీరు ఒకటో పలకలో ఉంటారో మూడో పలకలో ఉంటారో నాకు అనవసరం. ఏడో పలకలో మాత్రం ఉండరు. అక్కడివాళ్ళకు ఈ వేళప్పుడు గోడ కాగితాలు చదివే తీరిక ఉండదు.

ఇది పలకూరు వినికిడి శాఖ రోజువారీ నమోదు. శాఖ అంటే నేనొక్కదాన్నే, పేరు సమత. ఇందులో వాతావరణం రాయాలి, సముద్రం తీరు రాయాలి, పలకల చప్పుడు రాయాలి. అభిప్రాయాలు రాయకూడదని నియమం. మొదటి రెండూ పైన రాసేశాను. ఇక చప్పుడు: ఒకటి నుంచి ఆరు దాకా మౌనం. ఏడో పలకా మౌనమే. అయితే ఏడో పలక మౌనాన్ని నేను నమ్మడం లేదు. ఇది అభిప్రాయం కాదు, ఉద్యోగం.

సముద్రం పైకొచ్చి పాత ఊళ్ళని మింగాక, మన పెద్దలు స్తంభాలు పాతి, వాటి మీద ఏడు పలకలు పరిచి, ఈ ఊరు కట్టుకున్నారని బళ్ళో చదువుకున్నాం. ఏడూ సమానమనీ చదువుకున్నాం. మరి మంచినీళ్ళ ట్యాంకు ఏ పలక మీదుంది? ఐసు ఫ్యాక్టరీ ఏ పలక మీదుంది? విరిగిన పడవల గుట్ట ఏ పలక మీదుంది? అందరికీ కావలసినవీ, ఎవరి గుమ్మం ముందూ ఉండకూడనివీ అన్నీ వరసగా వెళ్ళి ఏడో పలక మీదే ఎందుకు కూర్చున్నాయి? ప్రతిసారీ తీర్మానం ఏకగ్రీవమేనంటారు. నిజమే. ఏడో పలకవాళ్ళూ చెయ్యెత్తారు. ఐసు ఫ్యాక్టరీలో ఉద్యోగాలిస్తామన్నారు కాబట్టి ఎత్తారు. ఉద్యోగాలిచ్చారు కూడా. కాపలాదారుకీ, కాపలాదారు తమ్ముడికీ.

వచ్చే పౌర్ణమికి తొక్కుడు పండుగ. ఊరంతా ఒక్కటై డప్పు దెబ్బకి కాళ్ళతో ఏడో పలక మీదే తొక్కుతుంది. దాని గురించి తర్వాత.


నమోదు 212. ఎండ. సముద్రం మామూలు. అన్ని పలకలూ మౌనం.

పలక విరగడమంటే ఏమిటని నిన్న రేవులో ఒకాయన అడిగాడు. "ఇనుములాంటిది కదండీ, ఎందుకు విరుగుతుంది?" అన్నాడు. ఇనుము కాదని చెబితే, ఏదైతే ఏమండీ అన్నాడు. ఊళ్ళో సగం విధానాలు ఈ వాక్యం మీదే నడుస్తున్నాయి.

పలక రెండు వస్తువుల కలయిక. ఒకటి అల్యూమినియం ముద్ద. రెండోది ఆ ముద్దలో పరిచిన నారలు. పింగాణీ లాంటివి, వెంట్రుక కన్నా సన్నం. ఒట్టి ముద్దయితే వంగిపోతుంది, ఒట్టి నారయితే పుటుక్కుమంటుంది. కలిపితే ఊరిని మోస్తుంది.

మిగతాది మా ఇంట్లో జంపఖానా మీద చూపిస్తాను. నిన్న సాయంత్రం మా ఆయన త్రినాథ్ దాని మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. నేను ఊడవాలి. లేవమంటే లేవడు. ఆయనతో సహా జంపఖానాని లాగడం నా వల్ల కాదు. అందుకని ఒక అంచున చిన్న ముడత పెట్టాను. ఆ ముడతని కాలితో నెట్టుకుంటూ ఈ అంచు నుంచి ఆ అంచుకి తీసుకుపోయాను. ఆయన కింద నుంచి కూడా పోయింది. జంపఖానా మొత్తం బెత్తెడు జరిగింది. ఆయన లేవనే లేదు.

"నేను బరువెక్కానని చెప్పడానికి ఇంత సైన్సెందుకు?" అన్నాడు త్రినాథ్.

లోహం అలాగే జరుగుతుంది. అందులో పరమాణువులు వరసల్లో ఉంటాయి. బరువు పడితే వరస మొత్తం ఒక్కసారిగా కదలదు. ఒకచోట ముడత పడుతుంది, ఆ ముడత పాకుతుంది. పుస్తకాల్లో దీన్ని స్థానభ్రంశం అంటారు. మా శాఖలో ముడతే అంటాం. పగటి ఎండకి ముద్ద ఎక్కువ సాగుతుంది, నార తక్కువ సాగుతుంది, చలికి రెండూ వేరువేరుగా ముడుచుకుంటాయి. ఆ తగువులో నారల అంచున రోజూ కొత్త ముడతలు పుడుతూనే ఉంటాయి. పైన బరువు పడిందంటే పాకడం మొదలెడతాయి.

ఇప్పుడు ఆ జంపఖానా మీద మంచం ఉందనుకోండి. ముడత పాకుతూ పోయి మంచం కోడు దగ్గర ఆగుతుంది. రెండోది వచ్చి దాని వెనక ఆగుతుంది. తర్వాత మూడోది. వెనకున్నవన్నీ నెడుతుంటే ఆ నెట్టుడంతా ముందున్న ముడత మీద, అక్కడి నుంచి కోడు మీద పడుతుంది. మన పలకలో కోడు అంటే నార. నార ఆపినంతకాలం పలక గట్టిగా ఉంటుంది. నిజానికి ఆ గట్టితనమంతా ఆపడం వల్ల వచ్చిందే. క్యూ మరీ పెద్దదైతే నార తెగుతుంది, లేదా ముద్దకీ నారకీ మధ్య పట్టు ఊడిపోతుంది.

ఇక్కడ నేను సమాజం గురించి ఒక ఉపమానం చెబుతానని మీరు ఎదురు చూస్తున్నారు. చెప్పను. నేను లోహం గురించే మాట్లాడుతున్నాను. గుమ్మడికాయ దొంగ ఎవరంటే మీరు భుజాలు తడుముకుంటే దానికి నా బాధ్యత లేదు.


నమోదు 213. మబ్బు. అలలు కొంచెం పెద్దవి. అన్ని పలకలూ మౌనం.

ముడతలు గుంపుగా కదిలినప్పుడూ, నారలు తెగినప్పుడూ పలక అరుస్తుంది. ఆ అరుపు మన చెవికి అందదు. పలకల అడుగున అంటించిన బిళ్ళలు దాన్ని పట్టి నా చెవులకు తెస్తాయి. చిటచిటమంటుంది.

అయితే దీనికో గుణం ఉంది. లోహం నిన్న తిన్న దెబ్బకు ఇవాళ అరవదు. నిన్నటి కన్నా పెద్ద దెబ్బ పడితేనే అరుస్తుంది. అంత వరకు ఎంత బరువు పెట్టినా నోరు మెదపదు.

ఇప్పుడు మన ఆచారం చూడండి. పౌర్ణమి నాడు ఊరంతా కలిసి ఏడో పలక తొక్కుతాం. మర్నాడు పొద్దున్న శాఖవారు చెవులు పెట్టి వింటారు. పలక మౌనం. ఊరి సంఘం అధ్యక్షుడు చప్పట్లు కొడతాడు, పలక బాగుందని ఇంకో ఏడాదికి ముద్ర వేస్తాడు. ఊరంతటినీ నెత్తిన మోసిన మర్నాడు, పైన కాకులు తప్ప ఎవరూ లేనప్పుడు, అది ఎందుకు అరుస్తుంది? తన్ని, మర్నాడు వచ్చి నొప్పిగా ఉందా అని అడిగి, ఏమీ అనలేదు కాబట్టి ఆరోగ్యంగా ఉందని రాసుకుంటున్నాం. నాకు ముందు ఈ ఉద్యోగం చేసినవాళ్ళూ ఇలాగే రాశారు. నేనూ రాశాను. ఇక రాయను.

వినాల్సింది తొక్కుతున్నప్పుడు. నిరుడు మోసిన బరువు దాకా పలక నోరు మెదపకూడదు. పాత బరువుకే, అంతకన్నా తక్కువకే అరిచిందంటే లోపల నారలు పోయాయని అర్థం.


నమోదు 214. మబ్బు. అన్ని పలకలూ మౌనం. సంఘం మాత్రం కాదు.

సంఘం సమావేశానికి వెళ్ళాను. అధ్యక్షులు గోవర్ధనరావు గారు మంచివారు. ఆయన మంచితనం వల్లే ఈ ఊళ్ళో ఏ పనీ జరగదు. కుర్చీ వేయించారు, మజ్జిగ ఇప్పించారు, నా మాట పూర్తయ్యేదాకా తలూపారు. పూర్తయ్యాక, అంత గోలలో పలక అరుపు ఎలా వినిపిస్తుందని అడిగారు. కాళ్ళ చప్పుడు లావు, పలక చప్పుడు సన్నం, బిళ్ళలు సన్నదాన్నే పట్టుకుంటాయని చెప్పాను. మర్నాడు వినాలని నియమావళిలో ఉందన్నారు. పండుగ నాడే వినకూడదని ఉందా అని అడిగాను. వెతికారు. లేదు.

అప్పుడు ఆయన నవ్వి, "సమతగారూ, పండుగ నాడు ఎవరు అరవరు చెప్పండి? పలకని కూడా అరవనివ్వండి" అన్నారు.

సభ్యులందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అందుకే ఆయన మీద ఇంకా కోపం వచ్చింది.

చివరికి తీర్మానించింది ఏమిటంటే, పండుగ పద్ధతి మార్చాలంటే ఏడో పలకవాళ్ళే అడగాలట. ట్యాంకు పెట్టేటప్పుడు ఈ ప్రజాస్వామ్యం ఎక్కడికి పోయిందో సమావేశం మినిట్స్‌లో ఉండదు.


నమోదు 215. జల్లు. అన్ని పలకలూ మౌనం.

ఏడో పలకకి వెళ్ళాను. అక్కడ తొక్కుడుకి ముందు నడిచేది పైడమ్మ. ఎండుచేపల వ్యాపారం. ఊరు కట్టిన రోజుల్లో పలక నిలుస్తుందో లేదో చూడ్డానికి మొదటిసారి తొక్కినవాళ్ళలో ఆమె తల్లి ఉంది. పిల్లల్ని పడవలోనే ఉంచి, పెద్దవాళ్ళు ఎక్కి తొక్కి, నిలిచాక దించుకున్నారు. ఈ పండుగ అక్కడ పుట్టింది. పైడమ్మ ఆ పడవలోని పిల్ల. ఇప్పుడు ఆమె ఇల్లు పలక నట్టనడుమ ఉంది. మనవరాలికి ఇంకా నెల నిండలేదు.

జంపఖానా కథంతా చెప్పాను. చేపలు తిరగేస్తూ విన్నది.

"ఏటే సమతా, ఇప్పుడు పండగ మానీమంతావేటి?"

"మానమనడం లేదప్పా."

"మా యమ్మ తొక్కినాది. నాను తొక్కినాను. నా కోడలు తొక్కుతాది. ఇన్నేళ్ళూ మోసీసినాది. ఇప్పుడు నువ్వొచ్చి అది అలిసిపోనాదంతావు."

"అలిసిపోలేదు. లోపల తెగుతోందంటున్నాను."

"మరి మా పేటలో కరెంటు తెగితే రావు, నీళ్ళు తెగితే రావు. పలక తెగితే వొచ్చీసినావు."

ఇది అన్యాయమైన మాట. కరెంటు పోయినప్పుడు నేను గోడ మీద మూడు కాగితాలు అంటించాను. ఆ సంగతి చెబితే, కాగితాలు చూశామనీ, చీకట్లో చదవలేకపోయామనీ అంది పైడమ్మ. ఆ పక్కన చేప తునకలు కోస్తున్న ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వుకున్నారు. జనం కోసం మాట్లాడ్డం తేలిక, జనంతో మాట్లాడ్డమే కష్టం. జనం ఎదురు మాట్లాడతారు.

పండుగ ఆపొద్దన్నాను. ఊరంతా ఒక్కసారిగా ఎక్కకుండా, పలకకో వరసగా, ఒక వరస తొక్కాక అది దిగకుండానే ఇంకో వరస ఎక్కమన్నాను, ఎంత బరువుకి అరుస్తుందో తెలియాలి కదా. అన్ని వరసలకూ ముందు పైడమ్మే ఉండాలి, ప్రతి వరసనీ ఆమే ఎదురెళ్ళి తీసుకురావాలి అన్నాను. చేపలు తిరగెయ్యడం ఆపింది.

"అన్ని వరసలకీ నానేనా?"

"నువ్వేనప్పా."

"అయితే సానాసేపు అవుద్ది."

"అవుతుంది."

"కొత్త సీర కట్టుకోవాల మరి" అంది. సంఘానికి వెళ్ళి ఏడో పలక తరఫున అడిగింది కూడా ఆమే. గోవర్ధనరావు గారు మజ్జిగ ఇప్పించబోతే, తాను మజ్జిగకి రాలేదందట. సంఘం ఒప్పుకుంది.


నమోదు 216. పౌర్ణమి. ఆకాశం నిర్మలం. సముద్రం మామూలు.

పలకల చప్పుడు ఇవాళ వివరంగా రాస్తున్నాను.

నేను పలక అంచున గుడిసెలో, చెవులకి వినికిడి యంత్రం పెట్టుకుని కూర్చున్నాను. త్రినాథ్ డప్పు వాయిస్తాడు. నేను ఎర్ర తువ్వాలు ఎత్తితే ఆపాలని ఒప్పందం. పెళ్ళైనప్పటి నుంచీ నా మాట వినని మనిషి ఇవాళొక్కరోజు వింటానని మాటిచ్చాడు.

పైడమ్మ ఆకుపచ్చ చీరలో ఒకటో పలక వరసని తీసుకొచ్చింది. ముందు గోవర్ధనరావు గారు, పంచె పైకి కట్టి. తొక్కారు. పలక మౌనం. రెండో వరస ఎక్కింది. మౌనం. గోవర్ధనరావు గారు తొక్కుతూనే నా వైపు చూసి చెయ్యి ఊపారు. ఒక్క క్షణం నేనే తప్పేమో అనిపించింది. తప్పయితే బాగుండునని కూడా అనిపించింది. ఈ మాట నా మొత్తం రాతల్లో మళ్ళీ కనబడదు, జాగ్రత్తగా చదువుకోండి.

మూడో వరస ఎక్కి తొక్కడం మొదలెట్టింది. చెవుల్లో చిట్టుమంది. ఇంకోటి. తర్వాత తిరగమోతలో ఆవాలు వేసినట్టు చిటచిటచిట. నిరుడు ఏడు పలకల జనాన్నీ ఒకేసారి మోసిన పలక ఇవాళ మూడు వరసలకే అరుస్తోంది.

తువ్వాలు ఎత్తాను. డప్పు ఆగింది. జనం ఆగలేదు. ఇన్నేళ్ళ అలవాటు, కాళ్ళకి డప్పు అక్కర్లేదు. డప్పు ఎందుకు ఆగిందని నవ్వుతూ, కేకలేస్తూ ఇంకా గట్టిగా తొక్కారు. నేను బయటికొచ్చి అరిచాను. నా అరుపు ఈ ఊరికి కొత్తేమీ కాదు. ఎవరూ తిరిగి చూడలేదు.

పైడమ్మ చూసింది. తువ్వాలు చూసింది, పలక నడుమ ఉన్న తన ఇంటి వైపు చూసింది. తొక్కడం ఆపి, వరసకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది. వెనకవాళ్ళు వచ్చి ఆమెకి గుద్దుకున్నారు. ఆమె కదల్లేదు. అప్పుడు గొంతు పెంచకుండా చెప్పింది.

"తొక్కకండి. పరిగెట్టకండి. సంటిపిల్ల పక్కలోంచి లెగిసినట్టు లెగిసి ఎల్లిపోండి."

అంతమంది పక్కలోంచి లేచినట్టే లేచి వెళ్ళారు. మడమ ఆనకుండా, ఒకరి వెనక ఒకరు. గోవర్ధనరావు గారు చెప్పులు చేత్తో పట్టుకుని వంతెన దాటారు. నవ్వొచ్చే దృశ్యమే. నాకు నవ్వు రాలేదు. చివరి మనిషి దిగాక చెవుల్లో చప్పుడు ఒక్కొక్కటిగా తగ్గి ఆగిపోయింది.

పైడమ్మ అందరికన్నా ఆఖరున, మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. పండగ పాడు చేశావని ముందు నన్ను తిట్టింది. తిట్టడం అయ్యాక అడిగింది: "ఇప్పుడు మేమెక్కడుండాల?"


నమోదు 217. ఎండ. సముద్రం మామూలు.

ఏడో పలక: మౌనం.

అవును. నియమం ప్రకారం ఇవాళ పొద్దున్న విన్నాను. పూర్తి నిశ్శబ్దం. నిన్న అరిచిన పలకే ఇది. ఏటా మీకు చూపించి చప్పట్లు కొట్టించిన నిశ్శబ్దం కూడా ఇదే. గోవర్ధనరావు గారు వచ్చి, నమోదులో ఈ ఒక్క ముక్కా రాసి ఊరుకోవచ్చు కదా అని మెల్లగా అడిగారు. రాశాను. ఊరుకోలేదు.

మధ్యాహ్నం అత్యవసర సమావేశం. పలకకి కాక పెడితే సరిపోతుందని ఒక సభ్యుడు ఎక్కడో చదివాడట. కొంత నిజమే. వేడికి ముడతలు వదులై ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. కానీ తెగిన నార వేడికి అతకదు. చీర ఇస్త్రీ చేస్తే ముడతలు పోతాయి, చిరుగు పోతుందా? పలక మార్చాల్సిందే. మార్చేదాకా ఆ ఇళ్ళలో ఎవరూ ఉండకూడదు.

ఈ మాట అందరూ ఒప్పుకున్నారు. ఎక్కడ ఉంచాలన్న మాట దగ్గర మళ్ళీ ప్రజాస్వామ్యం మొదలైంది. రెండో పలకవాళ్ళు తమకి నీళ్ళు చాలవన్నారు. వాళ్ళ నీళ్ళ ట్యాంకు ఏడో పలక మీదుందని గుర్తు చేశాను. మూడో పలకవాళ్ళు ఎండుచేపల వాసన పడదన్నారు. పొద్దున్నే వాళ్ళింటికి చేపలు వేసేది పైడమ్మే. నాలుగో పలకవాళ్ళు ఏడో పలకవాసుల ధైర్యానికి జోహార్లు చెబుతూ తీర్మానం ప్రతిపాదించారు. ఐదూ ఆరూ ఆ తీర్మానాన్ని బలపరిచాయి. ఒకటో పలక మీద సాంస్కృతిక భవనం ఖాళీగానే ఉంది. గచ్చుకి కొత్తగా పాలిష్ పెట్టారట, కాళ్ళు పడితే మచ్చలవుతాయట.

అడ్డంగా నిలబడి మూడు పలకల జనాన్ని క్షేమంగా దింపిన మనిషికి ఈ ఊళ్ళో కాళ్ళు పెట్టే చోటు లేదు. ఆ మూడు వరసల్లో మీరూ ఉన్నారు. మూడో వరసలో నీలం చొక్కా వేసుకున్నాయన, మీరూ ఉన్నారు. నేను చూశాను.


నమోదు 218. ఎండ. అలలు పెరుగుతున్నాయి.

ఏడో పలక: మౌనం. నమ్మకండి.

ఉద్యోగంలో ఉండగా డిమాండ్లు రాయకూడదని గోవర్ధనరావు గారు కబురు పంపారు. వాటిని వాతావరణ సూచన అనుకోమని తిరుగు కబురు పంపాను. ఏడో పలకవాళ్ళతో కూర్చుని రాసినవి ఇవి. నేను రాసిన పొడుగు వాక్యాలన్నీ పైడమ్మ కొట్టేయించింది.

1. ఏడో పలక మీది ఇళ్ళన్నీ సామాన్లతో సహా ఇవాళే ఖాళీ చేయించాలి.

2. నీళ్ళ ట్యాంకు, ఐసు ఫ్యాక్టరీ, పడవల గుట్ట మిగతా ఆరు పలకలకీ పంచాలి. ఏది ఎవరికన్నది చీటీలు వేసి తేల్చాలి. చీటీ తీసేది ఏడో పలకవాళ్ళు.

3. పలకల చప్పుడు బరువు పడుతున్నప్పుడే వినాలి. మర్నాటి వినికిడితో ముద్ర వేయడం రద్దు చేయాలి.

4. తొక్కుడు పండుగ ఇకపై ఏడు పలకల మీదా వంతుల వారీగా జరగాలి. వచ్చే ఏడాది ఒకటో పలక.

5. కొత్త పలక వేసేదాకా ఏడో పలకవాళ్ళ పనులకీ, పిల్లల చదువుకీ సంఘమే ఏర్పాటు చేయాలి.

6. జోహార్ల తీర్మానం వెనక్కి తీసుకోవాలి.

7. సాంస్కృతిక భవనం తాళం సాయంత్రం పడవ వచ్చేలోగా తీయాలి. పైడమ్మ, ఆమె కోడలు, నెల నిండని పిల్ల, వాళ్ళ వెనక ఏడో పలక అంతా పొద్దుటి నుంచి ఆ మెట్ల మీదే కూర్చుని ఉన్నారు.